మీరు కోసింది నా చీర

"అక్కా, మీరు కోసింది నా చీర."

యమున ఆ కామెంటు చదివి ముందు కిసుక్కున నవ్వింది. కాయితాలు కోసుకునే దానికి చీరలతో ఏం పని? పొద్దుగాలనే ఎవడో తిక్కలోడు తగిలిండు అనుకుని, చాయ్ గ్లాసు ఇంకో చేతిలకు మార్చుకుని కిందికి జరిపింది. సూపర్ అక్కా. లవ్లీ అక్కా. ఆ గమ్ యాడ దొరుకుతది అక్కా. నాలుగు వందల కామెంట్లు, అన్ని పొగడ్తలే.

యమున ఆత్మకూరు బస్టాండ్ పక్కన జిరాక్స్ సెంటర్ల పనిచేస్తది. ఇల్లు రోడ్డుకు ఇవతల, దానికి ఎదురుగనే. దాంతోపాటు "కాయితం యమున" అని ఒక చానెల్ నడుపుతది. అరవై వేల మంది చూస్తరు. అందరి లెక్క పూలు చేసి చూపించి ఊకునే రకం కాదు. గమ్మయినా, కత్తెరయినా, మెరుపు కాయితమైనా తన జీతంతోని కొంటది, నెలరోజులు వాడుతది, ఆఖరుకు దాన్ని కెమెరా ముందర పట్టి మొహమాటం లేకుండ ఒపీనియన్ చెప్తది. "తెచ్చుకోండ్రి" అన్నదంటే మంచిదన్నట్టు. "తేకుండ్రి" అన్నదంటే ఇగ దాని పని ఖతం. ఒకసారి ఎవరో డబ్బ నిండ గ్లిట్టర్ కాయితాలు ఊరికే పంపిన్రు. "ఈ మెరుపు కాయితం మీద ఉండేది తక్కువ, మీ అన్నంల ఉండేది ఎక్కువ, తేకుండ్రి" అని వీడియో పెట్టి, డబ్బ వాపస్ పంపింది.

వీడియోతోపాటు బ్లాగు కూడ రాస్తది. ఏ అట్ట ఎంత మందం, వానకాలం ఏ కాయితం ముడుచుకుంటది, అన్ని వివరంగ రాస్తది. బ్లాగు మాత్రం ఎవ్వరు చదువరు. ఉన్నది పదకొండు మంది. అందుల ఇద్దరు తనే, ఫోన్ల ఒకసారి, జిరాక్స్ సెంటర్ కంప్యూటర్ల ఒకసారి.

నిన్నటి వీడియో మాత్రం పేలిపోయింది. మద్దిలేటి పాత సామాన్ల దుకాణంల ఒక అట్టల దండ దొరికింది యమునకు. పొడుగు పొడుగు అట్టలు, నిండ సన్న సన్న బొక్కలు, ఒకదానికొకటి దారంతోని కుట్టి ఉన్నయ్. లెక్కపెడితే నూట నలభై నాలుగు. దారం ఇప్పి, ఒక్కొక్క అట్టను తెల్లగుడ్డ మీద పెట్టి ఫోటో తీసింది. ఆ ఫోటోలన్ని ఒకదాని వెనుక ఒకటి ఉరికిస్తే బొక్కలన్ని చీమల బారు లెక్క డాన్స్ చేసినయ్. అదొక రీల్. తర్వాత కత్తెర పట్టి అట్టలన్నిటిని రేకులు రేకులుగ కోసి చామంతులు చేసింది. "ఇంత మంచి అట్టను చెత్తల ఏసిన మహానుభావుడు ఎవరో గాని, ఆయనకో దండం" అని వీడియోల చెయ్యెత్తి మొక్కింది కూడ.

ఆ తిక్కలోడు ఇంకో కామెంటు పెట్టిండు.

"నవ్వులాట కాదు అక్కా. అవి గద్వాల చీర అట్టలు. అంచు నేసేటప్పుడు ఏ పోగు లేవాల్నో, ఏ పోగు కింద ఉండాల్నో మగ్గానికి ఆ బొక్కలే చెప్తయి. డిజైన్ నాది. ఉన్నది ఒక్కటే సెట్టు. జర ఫోన్ చేయండి." కింద నంబరు.

యమున ఆ కామెంటు రెండుసార్లు చదివింది. చాయ్ గ్లాసు కింద పెట్టి నంబరు కొట్టింది.

"హలో, నేను కాయితం యమునను."

"కోయంగ ఎన్ని మిగిలినయ్?" నమస్తే లేదు, మంచి చెడ్డ లేదు. బొంగురు మగ గొంతు.

"ఒక్కటి కూడ లేదు."

"ఒక్కటి కూడనా!"

"పూలయితే ఇరవై నాలుగు ఉన్నయ్" అన్నది యమున. అన్నంక నాలుక కరుచుకున్నది.

ఫోన్ పెట్టేస్తడేమో అనుకుంది. పెట్టెయ్యలేదు. ఊపిరి పీల్చుకుని మెల్లగ చెప్పుకొచ్చిండు. పేరు దినేష్. గద్వాల. తండ్రి గోవిందు నేస్తడు, తను డిజైన్ గీసి అట్టలు కొడ్తడు. జొన్నకంకి మీద వాలిన పిట్ట, అది తన సొంత డిజైన్, మొట్టమొదటిది. చేనేత సొసైటీ సుదర్శన్ సార్‌కు నచ్చింది. ఈ నెలాఖరుకు చీర నేసి తెస్తే ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు పంపిస్త అన్నడు.

"తేకుంటే?"

"తేకుంటే ఏముంది అక్కా. రెండు నెలల సంది మగ్గం ఖాళీగ ఉంది. మా నాయిన ఇప్పి అమ్ముతడు. నేను హైదరాబాద్ల ఏదన్న గోడౌన్ల డబ్బలు మోస్త."

"మరి అంత పాణం లెక్క చూసుకునేదాన్ని పాత సామాన్ల బండికి ఎట్ల ఏసిన్రు?"

"నేనెయ్యలే. ఎవరేసిన్రో నాకు తెల్వదు" అన్నడు దినేష్. "మీరు మాత్రం మంచిగ కోసిన్రు. రేకులు సాఫుగ వచ్చినయ్."

అది పొగడ్తనో తిట్టో అర్థం కాక యమున ఫోన్ పట్టుకుని అట్లనే నిలబడ్డది.

తెల్లారి జిరాక్స్ సెంటర్ల వారం రోజులు సెలవు పెట్టి, పూలన్ని ఇప్పి రేకులు సంచిల ఏసుకుని గద్వాల బస్సెక్కింది. జూరాల డ్యాం కాడ గేట్లు ఎత్తిన్రు. నీళ్లు కింద పడి లేసి, తుంపర కిటికీలకెళ్లి మొఖం మీద కొట్టింది. పక్కన కూసున్న ముసలామె "సంచిల ఏముంది బిడ్డా?" అని అడిగితే, "చీర" అన్నది. ముసలామె సంచిలకు తొంగిచూసి, యమున మొఖం చూసి, జర దూరం జరిగి కూసుంది.

ఇల్లు దొరకబట్టే సరికి పది అయింది. అరుగు మీద బక్కపలుచటి పెద్దమనిషి కూసోని కండ్లద్దాలు తుడుస్తున్నడు.

"కాకా, దినేష్ వాళ్ల ఇల్లు ఇదేనా?"

"ఇదే బిడ్డా" అన్నడు గోవిందు. తర్వాత లోపలికి కేకేసిండు. "సావిత్రమ్మా, నీ కొడుకు కోసం ఎవరో వచ్చిన్రని చెప్పు."

"నీ కొడుకు" అన్న మాట యమునకు విచిత్రంగ అనిపించింది. లోపలి నుంచి దినేష్ వచ్చిండు. ఫోన్ల గొంతు విని మీసాలోడు, లావుటోడు అనుకుంది. వచ్చినోడు సన్నగ, నల్లగ, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఉన్నడు. ఆయన కూడ యమునను చూసి ఆగిపోయిండు. వీడియోలల్ల ఆమె చేతులు తప్ప మొఖం పెద్దగ కనపడదు.

"మీరేనా?"

"నేనే" అని సంచి బోర్లించింది యమున. రేకులన్ని చాప మీద కుప్ప పడ్డయ్.

దినేష్ మోకాళ్ల మీద కూలబడ్డడు. ఒక రేకు తీసి ఎలుతురుకు పట్టి చూసిండు. ఇంకోటి తీసిండు. "ఇది తోక. ఇది... ఇది కంకినో, కాలో" అని గొణుక్కుంటున్నడు. చూస్తుంటే యమునకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"అతికిద్దాం. నా కాడ మంచి గమ్ ఉంది. ఎండల, వానల పెట్టి ఆరు నెలలు చూసిన. ఊడదు."

"అక్కా, మగ్గం మీద ఒక్కొక్క అట్ట ఎన్ని వేల సార్లు తిరుగుతదో తెలుసా? గమ్ ఆగుతదా?"

"గీసిన కాయితం ఉంటది గదా మరి. దాన్ని చూసి మళ్ల కొట్టొచ్చు."

"పొయ్యిల పెట్టిన."

"పొయ్యిలనా! ఎవరు?"

"నేనే" అని తల వంచుకున్నడు.

యమున తను కత్తెరతోని కోసిందే పాపం అనుకుంది. ఈయన ఏకంగ అగ్గే పెట్టుకున్నడు.

సంగతి దినేష్ తల్లి సావిత్రమ్మ చెప్పింది, మంచినీళ్లు ఇస్తు, గొంతు తగ్గించి. రెండు నెలల కింద జానెడు ముక్క నేసి చూసిన్రంట. కంకి మంచిగ వచ్చింది, తోక మంచిగ వచ్చింది, పిట్ట మెడ మాత్రం విరిగినట్టు పక్కకు జరిగింది. తప్పు అట్టల్ల ఉంది అన్నడు తండ్రి. తప్పు నేతల ఉంది అన్నడు కొడుకు. మాట మీద మాట పెరిగి, "నీకు కండ్లు కనపడ్తలేవు నాయినా, ఇగ బంజెయ్" అన్నడు దినేష్. ఆ కోపంల గీసిన కాయితం పొయ్యిల పెట్టిండు. ముప్పై ఏండ్లు నేసిన గోవిందు ఆ పొద్దు లేసిన మగ్గం మళ్ల ఎక్కలేదు.

"మొన్న సుదర్శన్ సార్ వచ్చి ఆ ముక్క చూసి, మెడ ఒక్కటి సక్కగ చెయ్యండి, చీర నేనే తీసుకుంట అన్నడు. తీరా చూస్తే అట్టలు మాయం. వీళ్లిద్దరు ఇప్పటికి మాట్లాడుకోరు బిడ్డా. మధ్యల నన్ను పోస్ట్‌మ్యాన్‌ను చేసిన్రు" అన్నది సావిత్రమ్మ.

బయటి నుంచి గోవిందు గొంతు వినపడ్డది. "సావిత్రమ్మా, నీ కొడుకు పొద్దుగాల సంది ఏం తినలే. తినమను."

"అమ్మా, ఆయనను మందు గోలి ఏసుకోమను" అన్నడు దినేష్.

ఇద్దరి మధ్య దూరం ఆరడుగులు.

అప్పుడు తట్టింది యమునకు. "ఫోటోలు! ఓయమ్మ, నేను ఒక్కొక్క అట్టకు ఫోటో తీసిన గదా!"

దినేష్ కండ్లు పెద్దగయినయ్. యమున ఫోన్ తీసి గ్యాలరీ తెరిచింది. కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. మొఖం పాలిపోయింది. ఫోన్ నిండిపోయిందని మొన్ననే అన్ని తీసేసింది.

"తీసేసిన్రా! అన్ని తీసేసిన్రా!"

"ఆగండి, ఆగండి. రీల్ ఉంది! రీల్ యాడికి పోతది? అందుల నూట నలభై నాలుగు అట్టలు ఉన్నయ్!"

"ముప్పై ఆరు సెకండ్ల రీల్ అది!"

"అయితే ఏంది? ఆపుకుంట ఆపుకుంట చూద్దాం. నేను చెప్త, మీరు కొట్టండి."

అట్ల మొదలైంది. పొద్దుగాల బస్సుకు వచ్చుడు, సాయంత్రం బస్సుకు పోవుడు. యమున ఫోన్ కండ్లకు దగ్గర పెట్టుకుని, రీల్ నడిపి, పుసుక్కున ఆపి, పెద్దగ చేసి చదువుతది. "మొదటి వరుస. మూడు, ఏడు, ఎనిమిది." దినేష్ కొత్త అట్ట మీద పెన్సిల్‌తోని చుక్క పెట్టుకుని, సన్న ఉలి పెట్టి, సుత్తెతోని ఠక్కున కొడ్తడు. నంబరు రాసి పక్కన పెడ్తడు. వేలు జర జారిందా, రీల్ నాలుగు అట్టలు దాటి ఉరుకుతది. మళ్ల మొదటికెళ్లి.

"మెల్లగ అక్కా, మీ వేలా, మేకనా అది?"

"నా వేలు మంచిదే. నీ నెట్టే బాగలేదు. ఇగో, నన్ను అక్కా అని పిలువకు. నీకంటె రెండేండ్లు చిన్న నేను."

"అరవై వేల మంది పిలుస్తరు గదా."

"వాళ్లు పిలువని. నువ్వు పిలువకు."

అన్నంక ఇద్దరు ఒక్కసారే తలలు దించుకున్నరు. యమున "రెండో వరుస" అని గట్టిగ చదివింది, అవసరం లేనంత గట్టిగ.

మూడో రోజు ఒక పెద్ద షాక్ తగిలింది. కొత్త అట్టను వేళ్లతోని నిమిరి చూసి, అలవాటుగ ఒపీనియన్ ఇచ్చింది యమున. "ఎంత మంచి అట్ట! వంగదు, కోసిన కాడ నూగు రాదు. నిన్ను ఈ అట్ట కొనమని ఎవరో తెలిసినోళ్లే చెప్పిన్రు."

"నువ్వే చెప్పినవ్."

"నేనా!"

"పోయినేడు వానకాలం, నీ బ్లాగుల. ఏ అట్ట తేమకు ఉబ్బదు అని రాసినవ్ గదా? అది చదివే తెప్పించిన. అంతకుముందు వాడేది వానపడితె పాపడం లెక్క అయ్యేది."

యమున చేతిల అట్ట పక్కన పెట్టింది. "నువ్వు నా బ్లాగు చదువుతవా?"

"మొత్తం చదివిన. డబుల్ సైడ్ టేప్ మీద రాసింది రెండుసార్లు చదివిన. మస్తు తిట్టినవ్ దాన్ని."

మూడేండ్ల సంది ఎవ్వరు చదవరని తెలిసి కూడ రాసుకుంట వచ్చింది. ఆ పదకొండు మందిల ఒకడు ఇట్ల ఎదురుగ కూసోని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, తను ఎప్పుడో మరిచిపోయిన మాటలు అప్పజెప్తున్నడు. సంతోషమో సిగ్గో తెలియక, ఆ పూట చదివిన నంబర్లన్ని తప్పు చదివింది. నాలుగు అట్టలు పారెయ్యాల్సి వచ్చింది. దినేష్ ఒక్క మాట అనలేదు. నవ్వుకుంట పారేసిండు.

ఆ సాయంత్రం బస్సు రాలేదు. దినేష్ బండి మీద జూరాల దాక దింపిండు. డ్యాం దాటినంక చేపలు ఏంచే బండి కాడ ఆపిండు. నూనెల చేప చిటపటమంటున్నది, గేట్ల కాడి తుంపర గాలికి ఇటే వస్తున్నది. యమున కొంగు తల మీద కప్పుకుంది.

"ఈ తుంపరకు ఏ కాయితం ఆగుతది?" అని అడిగిండు దినేష్.

"ఏ కాయితం ఆగదు."

"మరి మనిషి?"

"చేప మాడిపోతుంది చూడు" అన్నది యమున. మాడలేదని ఇద్దరికి తెలుసు.

ఆరో రోజు ఎనభై ఎనిమిదో అట్ట కాడికి వచ్చిన్రు. యమున రీల్ ఆపింది, నడిపింది, మళ్ల ఆపింది. చీమల బారు లెక్క సక్కగ నడిచే బొక్కలు ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది కాడ ఒక్కసారి ఎగిరిపడి, తొంభై కాడ మళ్ల సక్కగయితున్నయ్. రీల్ చేసేటప్పుడు కూడ ఈ ఎగురుడు చూసింది. తన చెయ్యి తగిలి ఫోన్ కదిలిందేమో అనుకుని వదిలేసింది. ఇప్పుడు పెద్దగ చేసి చూస్తే ఇంకోటి కనపడ్డది. ప్రతి అట్టకు ఎడమ మూలకు పెన్సిల్‌తోని నంబరు ఉంది. ఈ రెండిటికి లేదు.

"చదువు" అన్నడు దినేష్, సుత్తె పట్టుకుని.

యమున చదువలేదు. సంచిల మిగిలిన రేకులు గెలికింది. చానాసేపు గెలికింది. దొరికింది. ఒక రేకు మీద 88 అని ఉంది. ఇంకో రేకు మీద 89. ఆ రెండు అట్టలు దండల తిరగబడి ఉన్నయ్. నంబరు ఉన్న మొఖం కిందికి, వీపు పైకి. ఎడమ దిక్కు ఉండాల్సిన బొక్కలు కుడి దిక్కుకు పోయినయ్. పిట్ట మెడ గడనే విరిగింది.

అంటే తప్పు నేతది కాదు. గోవిందు కండ్లది అస్సలు కాదు.

యమున ఆ రెండు రేకులు పిడికిట్ల దాచుకుంది. చెప్పకుంటే? ఊకనే అట్టలు తిప్పి సరిగ్గ చదివితే సరిపోతది. చీర మంచిగ వస్తది, దినేష్ సంతోషపడ్తడు, ఆ నవ్వు తనకే దక్కుతది. కాని అరుగు మీద కూసున్న ఆ పెద్దమనిషి సచ్చేదాక తన కండ్లు పోయినయనే అనుకుంటడు. అసలు మళ్ల మగ్గమే ఎక్కడు. ముక్కు మొఖం తెలియని గమ్ము డబ్బ మీద ఉన్నదున్నట్టు చెప్పే నోరు, మనసుకు నచ్చినోని కాడికి వచ్చే సరికి మూసుకుంటదా?

"అట్టల దండ ఎవరు కుట్టిన్రు?" అని అడిగింది.

"ఎప్పుడైన నేనే కుడ్త. ఆ సారి నాకు జరమొచ్చింది, దినేషే కుట్టిండు. ఒకటే తొందర, ఒక్క పూటల కుట్టేసిండు" అన్నది వంటింట్లకెళ్లి సావిత్రమ్మ.

యమున రేకులు రెండు తీసుకుని దినేష్ ముందర పెట్టింది. రీల్ నడిపి చూపించింది. "రెండు అట్టలు తిరగేసి కుట్టినవ్ దినేష్. కాక సరిగ్గనే నేసిండు."

దినేష్ రేకులను చూసిండు. రీల్ చూసిండు. మళ్ల రేకులను చూసిండు. సుత్తె చేతిలకెళ్లి జారి చాప మీద పడ్డది.

గడప కాడ గోవిందు నిలబడి ఉన్నడు. ఎప్పుడు వచ్చిండో ఎవరు చూడలేదు. కండ్లద్దాలు తీసి, కమీజు కొసకు తుడిచి, మళ్ల పెట్టుకున్నడు.

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయ్ బిడ్డా?"

"మంచిగున్నయ్ కాకా" అన్నది యమున.

"అట్టలు బండికి ఏసింది నేనే" అన్నడు గోవిందు, ఎవరి దిక్కు చూడకుండ. "వాడు ఊరికి పోయిన పూట ఏసిన. కండ్లు కనపడనోని ఇంట్ల అట్టలెందుకని ఏసిన."

సావిత్రమ్మ చేతిల గంటె కింద పడ్డది. "నువ్వేసినవా! ఇన్ని దినాల సంది నేను అటక మీద, మంచం కింద దేవులాడుకుంట సస్తుంటే, నువ్వేసినవా!"

దినేష్ లేసిండు. చెప్పులేసుకుని బయటికి పోయిండు. సాయంత్రం బస్సు టైమయింది గాని తిరిగి రాలేదు. మిగిలిన యాభై ఏడు అట్టలు ఎట్లెట్ల కొట్టాల్నో కాయితం మీద నంబర్లన్ని రాసి పెట్టి, ఆ రెండిటిని సక్కగ తిప్పి రాసి, యమున బస్సెక్కింది. జూరాల కాడ తుంపర మొఖం మీద పడితే తుడుచుకోలేదు. ఎవరన్న చూసినా ఏడుస్తున్నదని తెల్వదు.

తర్వాత ఫోన్ లేదు. మెసేజ్ లేదు. బ్లాగు చదివెటోళ్లు పదకొండు మందే ఉన్నరా, పది మందయిన్రా అని రోజుకు పదిసార్లు చూసుకుంది. చుట్టలు చుట్టి పూలు చేసే కొత్త క్విల్లింగ్ కాయితాల మీద వీడియో పెట్టి, ఆఖరుకు ఒపీనియన్ చెప్పుడే మరిచిపోయింది. "అక్కా, తెచ్చుకోవాల్నా వద్దా?" అని మూడు వందల మంది పరేషాన్ అయిన్రు.

నెలాఖరుకు ఇంకా ఒక రోజు ఉందనంగ, ఆదివారం పొద్దుగాల, వాకిట్ల చెప్పుల సప్పుడయింది. యమున తలెత్తి చూసి లేసి నిలబడ్డది. గోవిందు. చంకల గుడ్డ మూట.

"కాకా! మీరా!"

"రేపు సుదర్శన్ సార్‌కు ఇయ్యాలె. ఆయన చూడకముందు నువ్వు చూడాలె. ఉన్నదున్నట్టు చెప్పాలె" అని మూట ఇప్పిండు.

చీర మంచం మీద పరిచిండు. ముదురు ఎరుపు అంచు, అంచు పొడుగునా బంగారు జొన్నకంకులు, కంకి మీద పిట్ట. మెడ సక్కగ, కొంచెం వంచి, గింజ కోసం చూస్తున్నది. యమున వేలు పెట్టి ఒక్కొక్క పిట్టను తడుముకుంట పోయింది. ఒక్క తప్పు లేదు. కొంగు కాడికి వచ్చే సరికి వేలు ఆగిపోయింది.

కొంగు కాడ పిట్ట కంకి మీద లేదు. కత్తెర మీద కూసోని ఉంది.

"ఇదేంది కాకా! ఇది రీల్ల లేదు!"

"నేను కూడ మళ్ల అట్టల తప్పే అనుకున్న" అన్నడు గోవిందు నవ్వుకుంట. "నా కొడుకును పిలిచి అడిగిన. తప్పు కాదు నాయినా, గట్లనే నెయ్యి అన్నడు. ముప్పై అట్టలు కొత్తగ కొట్టిండు, ఒక్కొక్కటి నాకు చూపించి, నువ్వు సరే అంటెనే కుడ్త అన్నడు. ఆ దినం ఇంట్లకెళ్లి పోయినోడు యాడికి పోయిండనుకున్నవ్? నా మగ్గానికి కొత్త తాళ్లు కొననీకి పోయిండు. తెచ్చి నా కాళ్ల మీద పడ్డడు."

"ఇప్పుడు యాడున్నడు?"

"బస్టాండ్ల. ఇంట్లకు రమ్మంటే రాడు. ఆమె ఒపీనియన్ ఇస్తే దాచుకోను జాగుండదు నాయినా, నువ్వే పో అన్నడు."

యమున చెప్పులేసుకోకుండనే వాకిలి దాక ఉరికింది. రోడ్డు అవతల, జిరాక్స్ సెంటర్ అరుగు మీద, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని దినేష్ కూసున్నడు. ఆమెను చూసి లేసిండు. అడుగు ముందుకేసి ఆగిండు. బడిల తప్పు చేసిన పిలగాని లెక్క చేతులు కట్టుకుని వాకిట్లకు వచ్చిండు.

"పదిహేను రోజులు! ఒక్క ఫోన్ లేదు!"

"ఏ మొఖం పెట్టుకుని చెయ్యాలె? మా నాయిన కండ్లు పోయినయన్న నోరు ఇది. ముందు మెడ సక్కగ చేసినంకనే నీ ముందరికి రావాల్నని..." చెవి మీది పెన్సిల్ తీసి మళ్ల పెట్టుకున్నడు. "యమునా, నువ్వు చెప్పకుండ ఉంటే నాకు మస్తు సులువుగుండె. చెప్పినవ్. గందుకే నువ్వంటే నాకు పాణం. ఇప్పుడు నీ ఒపీనియన్ చెప్పు."

"చీర మీదనా?"

"నా మీద."

అరవై వేల మందికి టకటక చెప్పే నోరు యమునకు ఆ నిమిషం మూగవోయింది. బుగ్గలు అంచు రంగుకు తిరిగినయ్. ఏం చెయ్యాల్నో తెల్వక గోవిందు దిక్కు తిరిగింది. "చూడు కాకా, మీ కొడుకు..."

"ముందు గా కాక అనుడు బంజెయ్ బిడ్డా" అన్నడు గోవిందు మంచం మీద కూసోని, కండ్లద్దాల మీదికెళ్లి చూస్తు. "నన్ను కాక అంటే వాడు నీకు అన్నయితడు. మామ అంటే వేరే లెక్క. ఏమనాల్నో నేను చెప్ప. ఒపీనియన్ నీది."

ఇంట్లకెళ్లి యమున తల్లి ఎంకమ్మ గొంతు వినపడ్డది.

"ఎవరే వచ్చిన్రు యమునా?"

యమున దినేష్‌ను ఒక్కసారి చూసింది. తల తిప్పుకుని, ఇల్లంత వినపడేటట్టు చెప్పింది.

"మామ వచ్చిండమ్మా! చాయ్ పెట్టు!"

వంటింట్ల ఏదో గిన్నె దబేల్‌మని పడ్డది. ఎంకమ్మ పిండి చేతులతోనే గడప కాడికి ఉరికొచ్చి, మంచం మీద మనిషిని, పరిచిన చీరను, వాకిట్ల నవ్వుతున్న పిలగాన్ని మార్చి మార్చి చూసింది.

"ఏ మామనే? నాకు అన్న లేడు, తమ్ముడు లేడు గదనే!"